పిల్లల చేతిలో అమ్మ ఫోన్: కొత్తది కొనే ముందు ఈ అరగంట పని చేసి చూడండి

ఫోన్ రివ్యూ అంటే మేమంతా ఏం రాస్తాం? ప్రాసెసర్, రిఫ్రెష్ రేట్, ఎన్ని మెగాపిక్సెల్స్, ఎన్ని నిమిషాల్లో ఫుల్ ఛార్జ్. నేనూ అవే రాస్తా. కానీ అంట్లు తోముతున్న తడి చేత్తో ఫింగర్‌ప్రింట్ పడుతుందా, చంకలో పిల్లను పెట్టుకుని ఒక్క బొటనవేలితో కాల్ ఎత్తగలమా అని ఎవరూ రాయరు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఫోన్‌తో వచ్చే తంటా అంతా అక్కడే ఉంటుంది.

ఈ ఆర్టికల్ రాయడానికి ఒక కారణం ఉంది. మేం ఉండేది చైతన్యపురిలో. పెద్దది యూకేజీ, స్కూల్ ఎల్బీనగర్ వైపు. చిన్నదానికి రెండున్నరేళ్లు. ఒక మధ్యాహ్నం చిన్నదానికి అన్నం తినిపించడానికి ఎప్పటిలాగే నా ఫోన్‌లో పాటలు పెట్టి చేతికిచ్చా. అదే టైమ్‌లో కొత్తపేట దగ్గర స్కూల్ వ్యాన్ ఆగిపోయింది. డ్రైవర్ అన్న నాకు ఆరు సార్లు ఫోన్ చేశాడు. వీడియో మీద కాల్ కనిపించిన ప్రతిసారీ మా చిన్నది దాన్ని పక్కకు నెట్టేసింది. పాట ఆగిపోతే దానికి కోపం మరి! చివరికి ఆయన మా వారికి చేస్తే, హైటెక్ సిటీ ఆఫీసులో ఉన్న ఆయన పక్కింటి ఆంటీకి చేస్తే, ఆంటీ వచ్చి తలుపు కొడితే నాకు విషయం తెలిసింది. నేను వెళ్లేసరికి పెద్దది వ్యాన్ మెట్టు మీద ఏడ్చి ఏడ్చి కూర్చుంది. నలభై నిమిషాలు ఎండలో ఉంది.

ఆ రోజు ఇంట్లో అందరూ ఒకటే మాట: "పిల్లకు ఫోన్ ఎందుకిచ్చావ్?" ఆ ప్రశ్నలో న్యాయం లేదని నేను అనను. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెబుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా దాదాపు ఇదే. కానీ స్టవ్ మీద పాలు, సింక్ నిండా గిన్నెలు, ఇంకో చెవిలో ఆఫీస్ కాల్ ఉన్నప్పుడు ఫోన్ ఇవ్వని అమ్మ ఎంతమంది ఉంటారు? నా అభిప్రాయం ఏంటంటే, ఫోన్ ఇవ్వడం ఒక తప్పయితే, అమ్మ ఫోన్‌నే ఇవ్వడం ఇంకో తప్పు. మొదటిది మెల్లగా తగ్గించుకోవాలి. రెండోది ఈ రోజే ఆపేయొచ్చు.

సొరుగులో ఉన్న పాత ఫోన్ బయటికి తీయండి

చాలా ఇళ్లలో ఒక పాత ఫోన్ ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద షాపుల్లో దానికి చెప్పే ఎక్స్ఛేంజ్ రేటు వింటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కాస్త డబ్బుకు ఇచ్చేసే బదులు ఉంచుకోండి. సిమ్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, వైఫై మీద మాత్రమే వాడండి. మీ జీమెయిల్ అకౌంట్ అందులో పెట్టొద్దు. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో పిల్ల పేరు మీద అకౌంట్ చేసి లాగిన్ అవ్వండి. రోజుకు ఎంతసేపో లిమిట్ పెడితే, టైమ్ అవ్వగానే ఫోన్ దానంతట అదే లాక్ అవుతుంది. "అమ్మ లాక్కుంది" అనే గొడవ కొంచెం తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేను. యూట్యూబ్ బదులు యూట్యూబ్ కిడ్స్ వేసి, అందులో సెర్చ్ ఆఫ్ చేయండి.

ఒక జాగ్రత్త. వెనక మూత కొద్దిగా ఉబ్బినా, స్క్రీన్ అంచు పైకి లేచినా ఆ ఫోన్ పిల్లలకు ఇవ్వకండి. బ్యాటరీ ఉబ్బింది అన్నమాట. ముందు సర్వీస్ సెంటర్‌లో మార్పించండి. ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ అసలే ఇవ్వొద్దు.

షాపులో "మేడమ్, కిడ్స్ ట్యాబ్ తీసుకోండి" అంటారు. నేనైతే వద్దంటా. అది ఇంకా పెద్ద స్క్రీన్, పైగా కొత్త ఖర్చు. ఆ డబ్బుతో మీ ఫోన్‌కి ఒక మంచి టెంపర్డ్ గ్లాస్, చేతిలోంచి జారకుండా వెనక రింగ్ ఉన్న కవర్ కొనుక్కోండి. మిగతాది దాచుకోండి.

బయటికి వెళ్తే ఉండేది ఒక్క ఫోనే

బస్సులోనో మెట్రోలోనో పిల్ల గోల పెడితే చేతిలో ఉండేది మన ఫోనే. దానికి యాప్ పిన్నింగ్ ఉంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెట్టింది, సెట్టింగ్స్ సెర్చ్‌లో "పిన్" అని కొడితే దొరుకుతుంది. ఆన్ చేశాక ఒక్క యాప్‌నే స్క్రీన్‌కి బిగించేయొచ్చు. బయటికి రావాలంటే మీ పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో దీన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు, యాక్సెసిబిలిటీలో ఉంటుంది. పిన్ చేశాక ఇంకో ఫోన్ నుంచి ఒకసారి కాల్ చేసి చూడండి. మీ మోడల్‌లో కాల్ ఎలా వస్తుందో, పిల్ల కట్ చేయగలదో లేదో ముందే తెలుస్తుంది. ఈ చిన్న టెస్ట్ నేను చేయలేదు కాబట్టే ఇంత కథ.

మెట్రో టికెట్ వాట్సాప్‌లో తీసుకునే సదుపాయం హైదరాబాద్‌లో 2022 నుంచే ఉంది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే తీసుకుంటే, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో పిల్లను ఎత్తుకుని క్యూలో నిలబడే పని ఉండదు.

ఇంకో అలవాటు చేసుకోండి. షాపింగ్‌కి వెళ్లినా, గురువారం సాయిబాబా గుడికి వెళ్లినా, జనంలోకి అడుగు పెట్టే ముందు పిల్లలకు నిలువెత్తు ఫోటో ఒకటి తీయండి. అందం కోసం కాదు. చెయ్యి వదిలి తప్పిపోతే "ఏ రంగు ఫ్రాక్?" అని పోలీసులు అడిగినప్పుడు కంగారులో మనకు గుర్తు రాదు. ఆ ఫోటో చూపిస్తే చాలు. మీ నంబర్ ఒక చీటీ మీద రాసి పిల్ల జేబులో పెట్టండి. అందులో మీ నంబర్ ఒక్కటే కాకుండా ఇంకొకటి కూడా ఉండాలి. ఆపదలో 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098.

నిద్రపుచ్చేటప్పుడు సైలెంట్, కానీ పూర్తిగా కాదు

పిల్ల పడుకుంటుందని ఫోన్ సైలెంట్‌లో పెడతాం, తర్వాత మర్చిపోతాం. దానికి బదులు డు నాట్ డిస్టర్బ్ వాడండి. అందులో కొన్ని నంబర్లకు మాత్రం రింగ్ అయ్యేలా పెట్టుకోవచ్చు. స్కూల్, వ్యాన్ డ్రైవర్, మీ వారు, పక్కింటివాళ్లు, అత్తమ్మ. రిపీట్ కాలర్స్ అనే ఆప్షన్ కూడా ఆన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ఒకే నంబర్ నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే రింగ్ అవుతుంది. ఐఫోన్‌లో ఆ గడువు 3 నిమిషాలు. లోన్ కావాలా అని అడిగేవాళ్లు సాధారణంగా రెండోసారి వెంటనే చేయరు. అవసరం ఉన్నవాళ్లు చేస్తారు.

ఫింగర్‌ప్రింట్ కూడా చూసుకోండి. పిల్ల ఎటు చంకలో ఉంటుందో చెప్పలేం కాబట్టి రెండు బొటనవేళ్లూ సేవ్ చేయండి. కుడి బొటనవేలిని రెండుసార్లు సేవ్ చేస్తే నా ఫోన్‌లో బాగా పట్టింది.

డబ్బుల తలుపు వేయండి

యూపీఐ లైట్‌లో ఒకసారికి 1000 రూపాయల వరకు పిన్ లేకుండానే వెళ్తాయి. పాలు, కూరగాయలు కొనడానికి బాగుంటుంది. పిల్లల చేతికి వెళ్లే ఫోన్‌లో మాత్రం ఆ యాప్‌కి లాక్ తప్పనిసరి, అందులో బ్యాలెన్స్ కూడా తక్కువగా ఉంచండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వెరిఫికేషన్ అడిగేలా పెట్టండి. గేమ్‌లో మెరిసే బటన్ కనిపిస్తే నొక్కకుండా ఉండే పిల్లలు నాకు ఇంతవరకు కనిపించలేదు.

తెర లేకుండా కూడా ఫోన్ పని చేస్తుంది

ఇవన్నీ చేశాక కూడా అన్నం టైమ్ సమస్య అలాగే ఉంటుంది. నాకు పని చేసింది ఇది. సూర్యాపేటలో ఉన్న మా అమ్మను రోజుకో కథ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపమన్నా. ఏడు చేపల కథతో మొదలుపెట్టింది. ఫోన్ ఫ్రిజ్ మీద, బ్లూటూత్ స్పీకర్ కింద. ముద్ద చేతిలో, పిల్ల ఎదురుగా. మొదటి నాలుగు రోజులు ఏడ్చింది, వారం తర్వాత "అమ్మమ్మ పెట్టు" అని అడగడం మొదలుపెట్టింది. ఇప్పటికీ వారంలో రెండు మూడు రోజులు పాత ఫోన్ ఇస్తా. దాని గురించి తల దించుకోను.

చివరిగా, నాన్న ఫోన్ సంగతి

పైన చెప్పినవన్నీ అమ్మలే చేయాలని ఎక్కడా లేదు. స్కూల్ ఫారంలో, టీకాల కార్డు మీద, వ్యాన్ డ్రైవర్ దగ్గర మొదట రాసేది అమ్మ నంబరే. ఆ ఫోన్ పిల్ల చేతిలో ఉంటే ఆ నంబర్‌కి ఎంతమంది చేసినా లాభం లేదు. మా వ్యాన్ డ్రైవర్ అన్న దగ్గర ఇప్పుడు మూడు నంబర్లు వరసగా ఉన్నాయి: మా వారిది, నాది, పక్కింటి ఆంటీది. ముందు చేసేది మా వారికే. ఆయన మీటింగ్‌లో ఉన్నా ఆ కాల్ రింగ్ అవుతుంది, ఎందుకంటే ఆ సెట్టింగ్ ఆయన ఫోన్‌లోనూ పెట్టించా.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరి ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. ముందు కాల్స్, తర్వాత డబ్బులు, ఆ తర్వాత పాత ఫోన్. అరగంట పని, పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత కూడా కొత్త ఫోన్ కావాలనిపిస్తే, మా రివ్యూలు ఎలాగూ ఉన్నాయి.