కళ్లకు గంతలు కట్టి ఏకాగ్రత అమ్మేవాళ్లు

వేదిక మీద పదేళ్ల పాప. కళ్లకు నల్లటి గంతలు. చేతికిచ్చిన కార్డు రంగేమిటో చెబుతుంది, పేపర్లో హెడ్డింగ్ చదువుతుంది. ఎదురుగా కూర్చున్న తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు, ఆ వెంటనే ఫీజు కట్టడానికి వరసలో నిలబడతారు. ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ పేరుతో గత దశాబ్దంలో దేశమంతటా, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాగిన శిబిరాల్లో ప్రదర్శన ఇలాగే ఉండేది. కాస్త సంగీతం, కాస్త ధ్యానం, కాస్త ఆటపాట. దాంతో పిల్లల మధ్యమెదడు ‘తెరుచుకుంటుంది’, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి అమాంతం పెరుగుతాయి అని ప్రచారం. ఫీజు వేలల్లో.

మంగళూరుకు చెందిన హేతువాది నరేంద్ర నాయక్ ఊరూరా తిరిగి ఈ విద్య గుట్టు విప్పారు. గుట్టంతా ముక్కు పక్కనే ఉంది. గంతలు ఎంత బిగించి కట్టినా ముక్కుకీ చెంపకీ మధ్య సన్నని సందు మిగులుతుంది. తల కొద్దిగా పైకెత్తి చూపు కిందికి దించితే చేతిలోని కాగితం ఆ సందులోంచి కనిపిస్తుంది. పిల్లలు వస్తువును గడ్డం కిందికి తెచ్చుకుని చూసేది అందుకే. ఆ సందు పూర్తిగా మూసేస్తే చదవడం ఆగిపోతుంది.

ఇందులో డబ్బు నష్టం చిన్నది. పెద్ద నష్టం వేరే ఉంది. పెద్దవాళ్లు నేర్పితే, పెద్దవాళ్లే మెచ్చుకుంటే, ఓ పసిబిడ్డ కన్నవాళ్ల ముందే అబద్ధమాడడం అలవాటు చేసుకుంటుంది. సందులోంచి చూశానని ఒప్పుకుంటే అమ్మానాన్నల ముఖాలు వాడిపోతాయని ఆ బిడ్డకు తెలుసు.

మధ్యమెదడు గురించి చెప్పే మాటలు శరీరశాస్త్రంలో ఎక్కడా నిలవవు. మెదడు కాండానికి పైకొసన, సుమారు రెండు సెంటీమీటర్ల పొడవుండే చిన్న భాగం అది. కంటి కదలికలను నడపడం, చప్పుడైన వైపు తల తిప్పించడం, మనిషిని మెలకువలో ఉంచడం దాని పనుల్లో కొన్ని. అక్కడి డోపమైన్ కణాలు నశిస్తే పార్కిన్సన్స్ వ్యాధి వస్తుంది. పుట్టినప్పటి నుంచి క్షణం ఆగకుండా పనిచేసే ఆ భాగాన్ని శిబిరం పెట్టి తెరవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

గంతల మోసాన్ని పట్టుకోవడం తేలికే. అసలు ధ్యానం మాటేమిటన్నది అంత తేలిగ్గా తేలదు, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. కళ్లు మూసుకుని కూర్చుని, వచ్చిపోయే ఊపిరిని గమనించడం. మనసు జారిపోతుంది. జారిందని తెలియగానే మళ్లీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవడం. బౌద్ధులు ఆనాపానసతి అన్నా, అమెరికా ఆసుపత్రుల్లో 1979 నుంచి జాన్ కబట్ జిన్ నేర్పిన ‘మైండ్‌ఫుల్‌నెస్’ అన్నా, చేసే పని దాదాపు ఇదే. ఇలా చేసేవారి దృష్టి నిలకడ పెరుగుతుందా లేదా అన్నది కొలిచి చూడదగ్గ ప్రశ్న. కొలిచి చూశారు కూడా.

కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో 48 మంది విద్యార్థులను రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి రెండు వారాలు ధ్యానం, రెండో బృందానికి పోషకాహారం మీద పాఠాలు. అమెరికా చదువుకు వెళ్లాలనుకునే తెలుగు పిల్లలకు బాగా తెలిసిన జీఆర్‌ఈ పరీక్షలోని చదివి అర్థం చేసుకునే ప్రశ్నల్లో ధ్యాన బృందం మార్కులు పెరిగాయి, చదివేటప్పుడు మనసు పక్కదారులు పట్టడం తగ్గింది. మంచి ఫలితమే. అయితే 48 మంది మీద జరిగిన పరీక్ష అది. మరుసటి ఏడాది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ బృందం 47 ప్రయోగాలను, వాటిలో పాల్గొన్న 3,515 మంది వివరాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. ఆందోళన, దిగులు, నొప్పి ఒక మోస్తరుగా తగ్గుతున్నాయని తేలింది. ఏకాగ్రత పెరుగుతుందనడానికి చాలినంత ఆధారం దొరకలేదు. వ్యాయామం, మందులు, ఇతర చికిత్సల కంటే ధ్యానం మెరుగనడానికీ ఆధారం కనబడలేదు. బ్రిటన్‌లో 85 స్కూళ్లలో ఎనిమిది వేల మందికి పైగా పిల్లలతో జరిగిన భారీ ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. ధ్యానం నేర్పిన స్కూళ్లకూ, మామూలు పద్ధతిలో నడిచిన స్కూళ్లకూ పిల్లల మానసిక ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నేర్పింది చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చెయ్యనే లేదు.

అంటే, ఇష్టపడి రోజూ చేసేవారికి కొంత మేలు, ముఖ్యంగా కలత తగ్గడంలో. ఆధారాలు ఇచ్చే హామీ అంతవరకే. అంతవరకు చెప్పి ఊరుకుంటే హేతువాదికి పేచీ ఉండదు.

కానీ ధ్యానాన్ని ప్రచారం చేసేవాళ్లు ఊరుకోరు. ధ్యాన గురువు మహేశ్ యోగి అనుచరులు 1993 వేసవిలో వాషింగ్టన్ నగరంలో దాదాపు నాలుగు వేల మందిని పోగుచేసి సామూహిక ధ్యానం చేయించారు. నగరంలో హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయని ఆ తర్వాత ప్రకటించారు. ఆ తగ్గుదల దేనితో పోల్చి? ధ్యానం చెయ్యకపోతే ఇన్ని నేరాలు జరిగేవని తామే లెక్కగట్టుకున్న అంకెతో పోల్చి. పోలీసు లెక్కల్లో ఆ ఏడాది వాషింగ్టన్‌లో 454 హత్యలు జరిగాయి, అంతకు ముందు ఏడాది 443. తమ అంకెను తామే వేసుకుని, దానికంటే తక్కువ వచ్చిందని చాటుకోవడం పరీక్ష అనిపించుకోదు.

మన దగ్గర పిరమిడ్లున్నాయి. కర్నూలులో సుభాష్ పత్రి మొదలుపెట్టిన ఉద్యమం వేలాది మంది గృహిణులను, ఉద్యోగులను, రైతులను ఊపిరి గమనిస్తూ కూర్చోబెట్టింది. మంత్రం, దీక్ష, దక్షిణ అక్కర్లేని సాదా పద్ధతి అది, అంతవరకు మెచ్చుకోవాల్సిందే. కానీ దాని నెత్తిన పిరమిడ్ ఎక్కింది. ఆ ఆకారం కింద కూర్చుంటే ధ్యానం మూడింతలు శక్తిమంతమవుతుందన్న నమ్మకంతో మేడల మీద పిరమిడ్లు లేచాయి, కడ్తాల్‌లో మహా పిరమిడ్ వెలిసింది. పిరమిడ్ ఆకారంలో బ్లేడు పదును పోదంటూ చెకోస్లొవేకియా ఇంజనీరు కారెల్ డ్రబాల్ 1959లో పేటెంటు తీసుకున్న సంగతిని ఇలాంటి వాదనలకు తోడు తెచ్చుకుంటారు. పేటెంటు అంటే ఆ ఆలోచన మీద హక్కు, నిజమని ఇచ్చిన ధ్రువపత్రం కాదు. మూడింతలు అన్నప్పుడు కొలత ఉండాలి. పైకప్పు ఆకారం కనబడకుండా తెర కట్టి, సగం మందిని పిరమిడ్ కింద, సగం మందిని చదునైన కప్పు కింద కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడున్నారో తెలియనివాళ్లతో ఏకాగ్రత పరీక్ష పెట్టించాలి. ఖర్చులేని పని. నమ్మేవాళ్లే ముందు అడగాల్సిన పరీక్ష ఇది.

ఈ శక్తి కథలతో అసలు ప్రమాదం వేరే ఉంది. ధ్యానం అన్నిటినీ నయం చేస్తుందని నమ్మినవాడు దిగులు జబ్బుకు వేసుకునే మాత్రలు మానేస్తాడు. రోజుల తరబడి మౌనంగా సాగే శిబిరాల్లో కొందరికి తీవ్రమైన భయం, నిద్ర పట్టకపోవడం, తమ నుంచి తామే విడిపోయినట్టు అనిపించడం వంటివి కలుగుతాయని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు విలబీ బ్రిటన్ బృందం నమోదు చేసింది. మందుకైతే దుష్ఫలితాలను దానితో ఇచ్చే కాగితంలో అచ్చువేస్తారు. ధ్యానం నేర్పేవారు కూడా చేర్చుకునే ముందే ఈ మాట చెప్పాలి.

ఇక ఏకాగ్రత సంగతికొస్తే, పరధ్యానం ప్రాణాలు తీసే చోట్ల మనుషులు ఏంచేస్తున్నారో చూస్తే ఎంతో తెలుస్తుంది. రైలింజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ఎదురయ్యే ప్రతి సిగ్నల్‌ రంగునూ పైకి పలికి ఒకరికొకరు చెప్పుకుంటారు. జపాన్ రైల్వే సిబ్బంది వేలెత్తి చూపిస్తూ పలుకుతారు. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో ఆపరేషన్‌కు ముందూ వెనకా 19 అంశాలను పైకి చదివి సరిచూసుకునే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రవేశపెడితే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి దిగాయని 2009లో ప్రచురించారు. ఎంత అనుభవం ఉన్న సర్జన్‌కైనా మనసు జారుతుందని ముందే ఒప్పుకుని చేసిన ఏర్పాటు ఇది. గ్యాస్ కట్టేశామా, తలుపు గడియ పెట్టామా అని సగం దారిలో కంగారుపడే వాళ్లు కూడా గడియ పెడుతూ ‘పెట్టాను’ అని పైకి అనుకుని చూడవచ్చు.

ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల సంగతి వేరు. అక్కడ ఏర్పాటే పిల్లల మీద పగబట్టినట్టుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి, కొన్నిచోట్ల ఇంకా ముందే లేపుతారు. రాత్రి పదిన్నర, పదకొండు దాకా స్టడీ అవర్. ఈఏపీసెట్, జేఈఈ, నీట్ పేరు చెప్పి రెండేళ్లు ఇదే వరస. క్లాసులో కునికిపాట్లు పడితే ఏకాగ్రత లేదంటారు, ప్రార్థన తర్వాత పది నిమిషాలు ధ్యానం పెడతారు. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ చెబుతోంది. ఇక్కడ ఆరు దొరికితే గొప్ప. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లను వరసగా 14 రాత్రులు ఆరు గంటలో అంతకంటే తక్కువో నిద్రపోనిచ్చి చూశారు. చివరికి వాళ్ల దృష్టి నిలకడ ఒకటి రెండు రాత్రులు అసలు కన్నుమూయనివాళ్ల స్థాయికి పడిపోయింది. 2003లో అచ్చైన ఆ పరిశోధనలో అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. తాము ఎంత దెబ్బతిన్నదీ పాల్గొన్నవాళ్లకు తెలియనేలేదు. కొంచెం నిద్రమత్తుగా ఉంది, ఫర్వాలేదు అనుకున్నారు. అందుకని నిద్ర చాలుతోందా అని పిల్లాణ్ణి అడిగితే నిజం బయటికి రాదు. చేర్పించేటప్పుడు రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు, పొద్దున గంట ఎన్నింటికి కొడతారు అని ప్రిన్సిపాల్‌ను అడగాలి. మధ్యలో ఎనిమిది గంటలు లేకపోతే ఆ టైమ్‌టేబుల్ మార్చమని తల్లిదండ్రులంతా కలిసి పట్టుబట్టాలి.