వంగదేశపు కథ, తెలుగు మాగాణి
శరచ్చంద్రుని ‘నిష్కృతి’ నాధారము చేసికొని, ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వమున అన్నపూర్ణా పిక్చర్స్ వారు 1957లో వెలువరించిన ‘తోడికోడళ్ళు’ చూచినపుడెల్ల, నవలను తెరకెక్కించు విద్యకు మూలము పాత్రల స్వభావమును చెదరనీయకుండుటయేనని నాకు తోచును. సంఘటనలు కొన్ని జారిపోయినను నష్టము లేదు. కోర్టు కాగితములలో మునిగి యింటి రగడ చెవి కెక్కించుకొనని ఆ మతిమరపు ప్లీడరును ఎస్వీ రంగారావు వట్టి హాస్యగాని చేయక, పరధ్యానము మాటున మంచితనమును పదిలముగ దాచి యుంచెను గనుకనే, తగవు తేల్చి వచ్చెదనని పల్లెకు పోయిన పెద్దమనిషి ఆస్తిని చిన్నకోడలి పేర వ్రాసి వచ్చుట మనకు సహజముగా కన్పట్టును. సూర్యకాంతమ్మగారి నోటిదురుసును గూర్చి వేరుగ చెప్పవలెనా! ఇక అక్కినేని, సావిత్రి పొలమున చెరియొక వైపు నిలిచి గూడ వేయుచు పాడు కొసరాజు పాట శరత్తు కల్పన కాదు. అయినను ఆ నీటిచప్పుడుతోనే వంగదేశపు కథ మన మాగాణిలో వేళ్ళూనినది. విధేయత పేరిట నవలలోని ప్రతి పుటను చిత్రీకరింప బూనెడి నేటి నిర్మాతలు ముందుగా ఈ చిత్రమును శ్రద్ధగా చూతురు గాక.