కాగితపు ట్యాంకు

ట్యాంకు అనగానే మా ప్రాంతంలో సామాన్యునికి స్ఫురించేది మేడమీది నీళ్ళ ట్యాంకు. కొల్లేటి వైపు వెళితే చేపల చెరువు. యుద్ధరంగంలో నిప్పులు గ్రక్కే ఇనుప శకటానికి ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలిసినవారికి మనవారి వాడుకే అసలైనదని తోస్తుంది. 1915లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో ఆ శకటాన్ని తయారు చేస్తున్నప్పుడు రహస్యం పొక్కకుండా ఉండేందుకు ఇవి మెసొపొటేమియాకు నీళ్ళు మోసే తొట్లని పనివారికి చెప్పారు. ఆ మారుపేరే స్థిరపడిపోయింది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో అది తొలిసారిగా కదిలింది. అయితే ఇనుముతో చేయకముందు దానిని నిలువెత్తు కొయ్య నమూనాగా చేసి అధికారులకు చూపించారన్న సంగతి మా ప్రస్తుత విషయానికి మరింత దగ్గరిది.

ఈ సంవత్సరం మా కళాశాల ప్రదర్శనలో, వట్లూరు నుంచి వచ్చే విద్యార్థులు ముగ్గురు కాగితం, అట్టలతో ఒక సైనిక శకటాన్ని నిర్మించి ఉంచారు. థర్మోకోలు తాజ్‌మహళ్ళను, అగ్గిపుల్లల చార్మినార్లను ఏటేటా చూచి అలసిన కన్నులకు అది కొత్తగా కనబడింది. చాలామంది మెచ్చుకొన్నారు. కాని ఒక పెద్దాయన మమ్ము ప్రక్కకు పిలిచి, "మాస్టారూ, మన పిల్లలు ఇటువంటివి చేస్తే చూచేవారు ఏమనుకొంటారండీ? వచ్చే ఏడు ఏ మసీదు బొమ్మో చేయించండి" అన్నారు. మరొక సందర్శకుడు నవ్వుతూనే పిల్లలను, "ఇది మనదా, అవతలివాళ్ళదా?" అని అడిగి వెళ్ళాడు. ఈ రెండు మాటలూ మమ్ము ఆలోచింపజేశాయి. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి ట్యాంకుల గొడవ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. కాగితం అనే మాటే పారశీకపు 'కాగజ్' నుంచి మనకు వచ్చింది. కనుక ఆ మేరకు ఈ విషయంలో మాకూ కొంత అధికారం ఉన్నదని భావిస్తున్నాము.

ముందుగా రెండవ ప్రశ్నకు సమాధానం. అది మనదే. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో నెలకొల్పిన కర్మాగారంలో, సోవియట్ యూనియన్ వారి బి.ఎం.పి.-2 నమూనాను అనుసరించి 1987 నుంచి తయారైన 'సారథ్' అది. నిక్కచ్చిగా చెప్పాలంటే ట్యాంకు కాదు, పదాతి సైనికులను మోసుకొనిపోయి పోరాడే వాహనం. బరువు సుమారు 14 టన్నులు. గొలుసు పట్టాలు త్రిప్పుకొంటూనే నీటిలో ఈదుకొని పోగలదు. కొల్లేటి పిల్లలు దానినే ఎన్నుకోవడానికి ఆ ఈతే కారణమేమో!

ఇక దాని నిర్మాణం. పోలండు దేశంలో 1957 నుంచి 'మావి మోదెలాష్' అనే పత్రిక కత్తిరించి అతికించుకొనే నమూనాలను అచ్చువేస్తూ వచ్చింది. ప్లాస్టిక్ బొమ్మలు అరుదుగా దొరికే కాలంలో అక్కడి పిల్లలకు అదే కర్మాగారం. ఆ పత్రికలో ట్యాంకులకు వాడుకైన కొలత 25కు ఒకటి. మా విద్యార్థులు కూడా ఆ కొలతనే తీసికొన్నారు. అసలు వాహనం పొడవు సుమారు 6.7 మీటర్లు గనుక నమూనా 27 సెంటీమీటర్లు. వెడల్పు పన్నెండున్నర. ముద్రిత గ్రంథాలలోని మూడు వైపుల బొమ్మలను చూచి, ఒక్కొక్క తలాన్ని విప్పి చదును చేసి, లెక్కల పుస్తకంలో 'వల రూపం' అని చెప్పేదానిని గీశారు. చెప్పుల పెట్టెలు, షాదీ కార్డులు, పెళ్ళి శుభలేఖలు ఇందుకు ముడిసరకు. మడత పడవలసిన గీత మీద స్కేలు ఆనించి, అయిపోయిన రీఫిల్‌తో గట్టిగా గీస్తే అట్ట పగలకుండా వంగుతుంది. ఫిరంగి గొట్టానికి సైకిలు చువ్వ మీద కాగితాన్ని చుట్టారు. కాగితానికి నార ఒకే దిక్కుగా ఉంటుంది. ఆ దిక్కు చూచి చుడితే గొట్టం నునుపుగా వస్తుంది, అడ్డంగా చుడితే ముడుతలు పడుతుంది. చక్రాలకు గుండ్రటి అట్ట బిళ్ళలను ఒకదానిపై ఒకటి అంటించి గరుకు కాగితంతో రుద్దారు. జిగురు మైదాపిండిదే. బొద్దింకలు తినకుండా పుస్తకాల బైండింగువారు అందులో చిటికెడు మైలతుత్తం కలుపుతారు. అది విషం గనుక చేతులు కడుక్కోక అన్నం ముట్టరాదు. వానాకాలపు చెమ్మకు అట్ట ఉబ్బకుండా పైన వార్నిషు పూశారు.

పలకలు పలకలుగా అతికిన శకటమైతేనే కాగితానికి లొంగుతుంది. ప్యాటన్ ట్యాంకు బురుజు బోర్లించిన గిన్నెవలె పోతపోసినది. గోళాన్ని ఏ కాగితమూ ముడుత లేకుండా కప్పజాలదు. బత్తాయి తొనలవలె కోసి అతుకవలసిందే. ఈ సంగతి నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబితే ఎంతమంది తలకెక్కుతుంది?

కాని మమ్ము నిజంగా నిలబెట్టివేసినది మరొక విషయం. ఆ వాహనపు ప్రక్క కవచం మందం 2 సెంటీమీటర్లకు లోపే. దానిని 25తో భాగిస్తే మిల్లీమీటరు కూడా రాదు. అంటే సరిగ్గా చెప్పుల పెట్టె అట్ట మందం! లోపల పట్టే ఏడుగురు సైనికులలో ఆరుగురు వీపులు కలిపి కూర్చుంటారు. ఆ వీపుల నడుమ ఇంధనపు తొట్టి. వెనుక తలుపులు కూడా బోలుగా ఉండి ఇంధనం నింపుకొనేవే. పిల్లలు 6.8 సెంటీమీటర్ల కాగితపు మనుషులను చేసి లోపల కూర్చోబెట్టబోయి, మోకాళ్ళు మడవక తప్పదని గ్రహించారు. వారిలో ఒకడు తలుపు అంటిస్తూ, "సార్, ఇందులో కూర్చున్నవాడు ఎట్లా నిద్రపోతాడు?" అని అడిగాడు. యుద్ధ చిత్రాలు ఎన్ని చూచినా పుట్టని ప్రశ్న అది. ట్యాంకును తెరమీద చూచినవాడు దాని గర్జనకు చప్పట్లు కొడతాడు, లేదా భయపడతాడు. దానిని విప్పి, పరచి, మరల మడిచినవానికి అది మనుషులు చేసిన వస్తువు. ఎక్కడ బలమున్నదో, ఎక్కడ పలుచనో వానికి తెలుసు. లోపల ఎవరు కూర్చుంటారో కూడా తెలుసు.

ఇట్టి తెలివిడి పొలాల నడుమ ఎంత పని చేసిందో 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద లోకం చూచింది. అమెరికా నిర్మించిన ప్యాటన్ ట్యాంకు అజేయమని ప్రసిద్ధి. మనవారు పొలాలకు నీరు పెట్టి నేలను బురద చేశారు. నలభై టన్నులకు పైబడిన శకటాలు అందులో దిగబడ్డాయి. నల్లరేగడిలో బండి కూరుకుపోవడం ఎరిగిన మా రైతులకు ఇందులో వింత ఏమీ లేదు. ఉత్తరప్రదేశ్‌లోని ధామూపూర్ గ్రామానికి చెందిన హవల్దారు అబ్దుల్ హమీద్ జీపుకు బిగించిన 106 మిల్లీమీటర్ల తుపాకితో చేల మాటున పొంచి, ముందువైపు దట్టమైన కవచాన్ని విడిచి, పలుచని ప్రక్కలను గురిచూచి పలు ప్యాటన్లను ధ్వంసం చేశాడు. సెప్టెంబరు 10న అక్కడే ప్రాణాలు విడిచాడు. మరణానంతరం అతనికి పరమవీరచక్రం లభించింది. "చూచేవారు ఏమనుకొంటారు" అన్న పెద్దాయనకు మేము ఆనాడు ఈ పేరే చెప్పాము. ఆయన కొంచెంసేపు మౌనంగా ఉండి, "పేరు తెలుసు మాస్టారూ. భయం అది కాదు" అన్నారు.

ఆ భయమేమిటో మాకు తెలియకపోలేదు. ఇదే బొమ్మను ఊరిలోని మరొక కళాశాల పిల్లలు చేసి ఉంటే 'మనదా, అవతలివాళ్ళదా' అని ఎవరూ అడిగి ఉండరు. అందుకని మన పిల్లలు ఎన్నటికీ మినార్లు, గుమ్మటాలే అతుకుతూ కూర్చోవాలా? మా అభిప్రాయం వేరు. అనుమానించేవాడు మినారులోనూ ఏదో ఒకటి వెదుకుతాడు. వాని చూపును కొలబద్దగా పెట్టుకొని పిల్లల చేతులను కట్టివేయడం మనకు మనమే విధించుకొనే శిక్ష. పీర్ల పండుగకు వెదురు బద్దలతో, రంగు కాగితాలతో తాజియాలు అల్లిన చేతుల వారసత్వం వారిది. ఏలూరు తివాచీలను 1851లో లండన్ ప్రదర్శనదాకా పంపిన పనితనం ఈ ఊరిది. ఆ చేతులు స్కేలు, కోణమానిని పట్టి ఇంజనీరింగు వైపు తిరగడం మనం కోరవలసిన మార్పు. వట్లూరులో ఇంజనీరింగు కళాశాల ప్రహరీ ప్రక్కగా నడచి వచ్చే పిల్లలకు ఆ గేటు లోపలి చదువు తమకూ సంబంధించినదని ఎవరో ఒకరు చెప్పవద్దా?

యుద్ధోన్మాదం నేర్పుతున్నామన్న ఆక్షేపణ కూడా వినవచ్చింది. ఆ శంక గౌరవింపదగినదే. తుపాకి బొమ్మతో "ఢాం" అనడమే ఆటైతే మేమూ ఒప్పుకోము. అయితే అట్ట ట్యాంకు చరిత్రలో కొన్ని ప్రాణాలను కాపాడినది కూడా. 1942 అక్టోబరులో ఎల్ అలమైన్ వద్ద, మన నాల్గవ ఇండియన్ డివిజన్ కూడా పాల్గొన్న యుద్ధంలో, బ్రిటిషువారు చెక్క, గుడ్డలతో చేసిన ఉత్తుత్తి ట్యాంకులను నిలిపి శత్రువును ఏమార్చారు. మరొక వైపు, వర్సాయ్ సంధి ట్యాంకులను నిషేధించినందున జర్మను సైన్యం 1920లలో కార్లకు అట్టలు, గుడ్డలు బిగించి కసరత్తు చేసింది. ఆ అట్టల వెనుక ఏమి పెరిగిందో 1939లో తేలింది. కాబట్టి అట్టకు స్వయంగా పుణ్యమూ లేదు, పాపమూ లేదు. ప్రక్కన నిలబడి ఏమి చెబుతున్నామన్నదే చూచుకోవాలి. అందుచేత నమూనా ప్రక్కన దాని బరువు, వేగంతోపాటు లోపల ఎందరు కూర్చుంటారో, ఆ గోడ మందమెంతో కూడా వ్రాసి పెట్టించాము. ప్రదర్శనల న్యాయనిర్ణేతలకు మా విన్నపం ఒక్కటే. రంగుల తళుకు చూడకండి, స్కేలు తెచ్చి కొలవండి. కొలత తప్పితే మార్కులు తగ్గించండి.

వచ్చే సంవత్సరం ఈ ముగ్గురూ ఆవడిలో తయారై, ఇప్పుడు సైన్యం నుంచి విరమించిన 'విజయంత'ను కట్టాలని ఉబలాటపడుతున్నారు. దాని బురుజు పలకలతో అతికినదే గనుక కాగితానికి వీలుపడుతుంది. పొడవు మాత్రం 30 సెంటీమీటర్లు దాటుతుంది, అట్ట చాలా కావాలి. ఇంట్లో పాత షాదీ కార్డులు, శుభలేఖలు, చెప్పుల పెట్టెలు ఉన్నవారు పారవేయక తెలుగు శాఖ గదిలో ఇచ్చిపోగలరు. తడి తగలనివైతే మంచిది.