అమ్మగారి బల్లమీద చిన్న కంప్యూటరు

"మా అమ్మకు చవకలో ఒక కంప్యూటరు అమర్చాలి, ఏది కొనమంటారు?" అని ఈ మధ్య తరచుగా మమ్మును అడుగుతున్నారు. అడిగేవారు ఎక్కువగా దూరాన ఉద్యోగాలు చేసుకొనే బిడ్డలే. మేము తిరిగి అడిగేది ఒక్కటే. అమ్మగారు దానితో ఏమి చేస్తారు? చాలామంది దీనికి తడుముకుంటారు. ఫోను చేసి అమ్మనే అడగండి, ఆమె చెబుతారు.

మేమెరిగిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలున్నారు. భర్త బ్రతికున్నంత కాలం బ్యాంకు పుస్తకం ఆయనే చూసుకొనేవారు. ఆయన పోయిన తరువాత పెన్షను పడినదో లేదో తెలుసుకోవాలన్నా బంధువుల అబ్బాయిని పిలవాలి. ఏ.టి.ఎం. కార్డు, దాని రహస్య సంఖ్య అతని దగ్గరే ఉన్నాయి. అబ్బాయి మంచివాడే. అయినా తన డబ్బు లెక్క తనకు తెలియకపోవడం ఆమెకు చాలా చిన్నతనమనిపించింది. ఫోనులో చూద్దామంటే అక్షరాలు కంటికి ఆనవు. ఆమె కోరినవి మూడే. ఖాతా చూసుకోవాలి, పెద్ద అక్షరాలలో దినపత్రిక చదువుకోవాలి, మస్కట్‌లో ఉన్న కూతురి ముఖం కాస్త పెద్దగా చూస్తూ మాట్లాడాలి.

ఇంతమాత్రానికి పెద్ద యంత్రం అక్కరలేదు. యువకులు మొదట రాస్ప్‌బెర్రీ పై పేరు చెప్పారు. 2012లో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి నుండి వచ్చిన, అరచేతిలో ఇమిడే కంప్యూటరు అది. పిల్లలు నేర్చుకోవడానికి బహు మంచిది. అయితే పెట్టె, అడాప్టరు, మెమరీ కార్డు, తీగలు విడివిడిగా కొనుక్కోవాలి. కరెంటు ఉన్నట్టుండి పోతే కార్డులోనిది చెడిపోయే భయం కూడా ఉన్నది. మన ఊళ్ల కరెంటు సంగతి మీకు తెలియనిది కాదు.

కనుక ఆఫీసులు వాడి అమ్మివేసిన మినీ పి.సి. తీసుకొన్నాము. లెనోవో టైనీ, డెల్ మైక్రో, హెచ్.పి. మినీ అనే పేర్లతో వస్తాయి. లావుపాటి కుటుంబ బైబిలంత ఉంటుంది. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి కంప్యూటరు బజార్లలో వెదికితే కొత్త లాప్‌టాప్ ధరలో సగం లోపే దొరుకుతుంది. కొనేముందు ప్రాసెసరు పేరు చదవండి. ఐ5-8500టి అని ఉన్నదనుకోండి, గీత తరువాత 8 ఉన్నది గనుక అది ఎనిమిదవ తరానిది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదవ తరం నుండే అధికారికంగా ఒప్పుకొంటుంది. చివరనున్న టి అక్షరం తక్కువ కరెంటు తాగే 35 వాట్ల రకమని చెబుతుంది. ఆరు, ఏడు తరాలవి ఇంకా చవకగా ఇస్తామంటారు. ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకొనే వారికి అవి చాలు.

వెనుకనున్న మర విప్పితే పైమూత వచ్చేస్తుంది. 8 జి.బి. ర్యామ్ చాలు. 2025 చివరి నుండి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక అది లోపలే ఉన్న పెట్టెను చూసుకోండి. తిరిగే పాత డిస్కు ఉంటే మాత్రం తీసివేసి 256 జి.బి. ఎస్.ఎస్.డి. పెట్టండి. పాత యంత్రానికి ప్రాణం వచ్చేది దానితోనే.

మిగిలిన డబ్బు తెరమీద పెట్టండి. 22 లేక 24 అంగుళాలది బల్లమీద దగ్గరగా ఉంటేనే చదవడానికి వీలు. గోడమీది టీవీకి తగిలిస్తే మెడ నొప్పి మిగులుతుంది. ఈ పెట్టెలకు సాధారణంగా కెమెరా, మైకు ఉండవు. వాటిని మరచిపోయి వచ్చేవారు చాలామంది. కీబోర్డు, మౌసు తీగ ఉన్నవే మేలు, బ్యాటరీల గొడవ ఉండదు. చిన్న యు.పి.ఎస్. తప్పనిసరి. అక్షరాలను 150 శాతానికి పెంచి, తెరమీద మూడే మూడు గుర్తులు ఉంచాము.

చిక్కంతా పాస్‌వర్డు దగ్గర వచ్చింది. మస్కట్ నుండే అమ్మ కంప్యూటరును నడిపే ఏర్పాటు కావాలని కూతురు పట్టుబట్టింది. ప్రేమతోనే అడిగింది. కాని ఇటువంటి ఎనీడెస్క్ అప్లికేషనునే వేయించి మోసగాళ్లు ఖాతాలు దోచుకొంటున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. తల్లిని అడగకుండా ఆమె గదిలోనికి కిటికీ తెరవవచ్చునా? అమ్మగారినే అడిగాము. "వద్దండీ అయ్యగారూ, చెడిపోతే మిమ్మల్నే పిలుస్తాను" అన్నారు. పాస్‌వర్డు తన చేతివ్రాతతో తన పుస్తకంలోనే వ్రాసుకొన్నారు. ఓ.టి.పి. వచ్చే ఫోను కూడా ఆమె దగ్గరే ఉంటుంది. ఎవరైనా భయపెట్టి డబ్బు కాజేస్తే వెంటనే 1930కి ఫోను చేయాలని తెర అంచున కాగితం అంటించాము.

తరువాతి నెల ఆమె ఖాతా తెరచి, రెండు వందల రూపాయలకు కూడా పద్దు సరిచూసుకొన్నారు. లెక్కలో తేడా ఏమీ లేదు. అబ్బాయిని పిలిచి, కాఫీ ఇచ్చి, కార్డు తీసుకొన్నారు. ఇప్పుడు తెలుగులో టైపు చేయడం ఎలాగని అడుగుతున్నారు. ఆ సంగతి వచ్చే నెల వ్రాస్తాము.