సముద్రంలో తెట్టు, మన మోరీలో తెట్టు

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై దగ్గరి ఎన్నూరు రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒక ఓడలోని చిక్కని చమురు సముద్రంలో కలిసి, అలలతో ఒడ్డుకు చేరి, రాళ్ల సందుల్లో పేరుకుపోయింది. దాన్ని తీయడానికి ఎందరో బకెట్లు పట్టుకొని దిగవలసి వచ్చింది.

చమురు నీటికంటే తేలిక కనుక పైన తెట్టు కడుతుంది. అది మందంగా ఉంటే కింది నీటికి గాలీ వెలుతురూ సరిగా అందవు. తెట్టు అంటిన పక్షి ఈకలు నీటిని ఆపలేవు. పక్షి తడిసి, వణికి, మునిగిపోతుంది. ఊపిరికోసం పైకి వచ్చే తాబేలు ఆ తెట్టులోనే తల ఎత్తాలి.

ఇవి చదివి మనం అయ్యో అనుకుంటాం. కరీంనగర్ ఎక్కడ, ఆదిలాబాద్ ఎక్కడ, సముద్రం ఎక్కడ అని పేజీ తిప్పేస్తాం. నా అభ్యంతరం అక్కడే. ఉత్తర అమెరికా సముద్రాల్లోకి నేల మీదనుంచి కొట్టుకువచ్చే నూనె, ఓడ ప్రమాదాల్లో ఒలికే నూనెకంటే ఎక్కువని అక్కడి జాతీయ విజ్ఞాన అకాడమీలు 2022లో తేల్చాయి. రోడ్లు, వాహనాలు, మోరీలే దానికి దారి.

మన మోరీలకూ దారి ఉంది. కరీంనగర్ నీళ్లు మానేరులోకి, ఆదిలాబాద్ వైపు నీళ్లు పెన్‌గంగ, ప్రాణహితల గుండా గోదావరిలోకి పోతాయి. అయితే ఆ నూనె అంతా సముద్రం చేరుతుందనుకోకండి. చాలాభాగం మన వాగుల బురదలోనే ఆగిపోతుంది. అంటే మొదటి నష్టం మన చేపలకే!

మోటారుసైకిలుకు ఒకసారి మార్చే నూనె సుమారు 1 లీటరు. అది నీటిపై మిల్లీమీటరులో వెయ్యోవంతు మందాన పరచుకుంటే 1000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 10 గుంటలు కప్పుతుంది. లెక్క మీరే వేసి చూడండి.

పాత నూనెను శుద్ధిచేసి మళ్లీ వాడవచ్చు. అందుకే కొందరు మెకానిక్కులు దాన్ని డబ్బాల్లో పట్టి అమ్ముతారు. సెంట్రింగు చెక్కలకు పూయడానికీ కొనేవాళ్లున్నారు. పాత నూనె సేకరణ, శుద్ధి బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె తయారుచేసే కంపెనీలపైనే పెట్టారు. నిబంధన మంచిదే. కాని చెట్టుకింద ఒక్కడే పనిచేసుకొనే మెకానిక్కు దగ్గరికి, ఒక్క డబ్బా నూనెకోసం కంపెనీ మనిషి వస్తాడా? అందుకే మెకానిక్ షెడ్లున్న ప్రతి వీధిలో మునిసిపాలిటీ ఒక మూత డ్రమ్ము పెట్టాలంటాను. ఎండాకాలం పోకముందే పెట్టాలి. మృగశిర కార్తెలో మొదటి వాన దంచికొడితే, షెడ్డు ముందటి నల్లని జిడ్డు గంటలో మోరీలోకి దిగుతుంది.