ఆగి వెళ్లాల్సిన రేవులు

వాంకూవర్ నుంచి అలాస్కా వైపు, దీవుల చాటున వందల కిలోమీటర్లు సాగే జలమార్గం పేరు ఇన్‌సైడ్ ప్యాసేజ్. సియాటిల్, వాంకూవర్‌లలో ఉంటున్న మనవాళ్లకు ఇంటి ముంగిట్లోని దారి. చాలావరకు రోడ్లు చేరని ఆ తీరంలో కొండలు నిటారుగా నీళ్లలోకి దిగుతాయి. ఇంటికి చదును నేల దొరకని కలప కూలీలు ఒకప్పుడు దుంగలు కట్టి వాటి మీదే కాపురాలు పెట్టారు. సలివాన్ బే వంటి మరీనాల్లో, అంటే పడవలు ఆగే చిన్న రేవుల్లో, ఇళ్లు, అంగడి, డీజిల్ పంపు నేటికీ నీటి మీద తేలుతూనే ఉన్నాయి. ఉప్పునీటిని తాగునీరుగా మార్చే యంత్రం, సోలార్ పలకలు, ఫ్రీజర్ ఉన్న నేటి పడవకు అక్కడ ఆగే అవసరం తగ్గింది. ఏ దీవి చాటునో ఉచితంగా లంగరు వేసుకోవచ్చు. అయినా ఆగాలి, అక్కడ డబ్బు ఖర్చు పెట్టాలి అన్నదే నా వాదన.

2006 మార్చి 22 అర్ధరాత్రి దాటాక క్వీన్ ఆఫ్ ది నార్త్ అనే ప్రయాణికుల ఓడ ఈ దారిలోని గిల్ దీవిని ఢీకొని మునిగిపోయింది. దగ్గర్లోని హార్ట్‌లీ బే అనే చిన్న ఆదివాసీ పల్లె జనం కబురందగానే తమ చేపల పడవలేసుకుని చీకట్లో బయల్దేరారు. ఓడలోని 101 మందిలో 99 మంది బతికారు. 2015 అక్టోబరులో వాంకూవర్ దీవి పడమటి తీరాన టొఫీనో దగ్గర లెవయథన్ 2 అనే పర్యాటకుల పడవ బోల్తాపడినప్పుడూ నీళ్లలో ఉన్నవాళ్ల దగ్గరకు మొదట చేరింది అహౌసాట్ అనే ఆదివాసీ పల్లె మత్స్యకారులే. 27 మందిలో ఆరుగురు పోయారు, 21 మంది దక్కారు. కోస్ట్ గార్డు రాలేదని కాదు, వచ్చింది. కానీ అంత చల్లటి నీళ్లలో నిమిషాలే ప్రాణాలు, ఆ నిమిషాల్లో అందేది పక్కన కాపురమున్న మనిషి చెయ్యే.

అవి పల్లెలు, మరీనాలు కావు కదా అనవచ్చు. నిజమే. అయితే పల్లెలు లేని చోట ఏడాది పొడవునా రేడియో వింటూ, పడవ సిద్ధంగా ఉంచుకునే మనిషి ఇంకెవరు? ఈ తీరంలోని రివర్స్ ఇన్‌లెట్ ఒడ్డున ఒకప్పుడు వరసగా ఉన్న సాల్మన్ కర్మాగారాలు మూతపడ్డాయి. ఈ తీరానికి సరుకూ జనాన్నీ చేర్చిన యూనియన్ స్టీమ్‌షిప్ ఓడలు 1950లలోనే ఆగిపోయాయి. చాలా చోట్ల మిగిలింది మరీనాయే.

ధరలు ఎక్కువన్నది మరో ఫిర్యాదు. డీజిల్ బార్జి మీద రావాలి, కరెంటుకు జనరేటర్ తిరగాలి, పురుగు తొలిచిన దుంగలను మార్చుకుంటూ ఉండాలి. ఏడాది ఖర్చంతా వేసవి మూడు నాలుగు నెలల్లోనే రాబట్టుకోవాలి. ఆ ధరలో దోపిడీ నాకు కనబడదు.

వీటన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఆ డీజిల్ తెచ్చే కాలుష్యం. 2016లో ఈ తీరంలోని బెల్లాబెల్లా పల్లె దగ్గర ఒక టగ్గు మునిగి సుమారు 1,10,000 లీటర్ల డీజిల్ సముద్రంలో కలిసింది. అక్కడి హెయిల్‌ట్సుక్ ఆదివాసీలు ఆల్చిప్పలు ఏరుకునే చోటు పాడైంది. డీజిల్ చేసే నష్టం వాళ్లకన్నా తెలిసినవాళ్లు లేరు. అదే హెయిల్‌ట్సుక్ జాతి 2021లో దగ్గర్లోని షియర్‌వాటర్ మరీనాను కొనుక్కుంది. మరీనా ఉండకూడదన్న మాట కన్నా, అది ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నే సరైనదని నాకనిపిస్తుంది. నిర్జనమైన ఖాతంలో లంగరేసి మురుగు వదిలే పడవను చూసేవాడు లేడు, అడిగేవాడూ లేడు.

కాబట్టి ట్యాంకులో కొంత ఖాళీ ఉంచుకుని రండి, ఒక రాత్రి తాడు కట్టండి, అంగట్లో సరుకు కొనండి. వీలైతే మే నెలలోనో సెప్టెంబరులోనో రండి. జులైలో రేవు ఎలాగూ నిండుతుంది. చలికాలమంతా అక్కడొక మనిషిని నిలబెట్టేది ఆ ముందూ వెనకా వచ్చే పడవల డబ్బే.