తాతమ్మ పేరు మీకు తెలుసా?

పెళ్ళిలో పురోహితుడు ప్రవర చెబుతుంటే ఎప్పుడైనా చెవి పెట్టి విన్నారా? ఫలానా వారి మునిమనవరాలు, ఫలానా వారి మనవరాలు, ఫలానా వారి కుమార్తె అంటూ మూడు తరాలు చదువుతారు. మూడూ మగవాళ్ళ పేర్లే. కన్నతల్లి ఆ పక్కనే ఉంటుంది గానీ, ఆవిడ పేరు అందులో రాదు. అమ్మ, నాయనమ్మ, తాతమ్మల పేర్లు వినపడేది తద్దినం నాడు. నాలుగో తరానికి ఆ పేరూ జారిపోతుంది.

ఈమధ్య వంశవృక్షం రాయించుకునే సరదా చాలా ఇళ్ళల్లో కనిపిస్తోంది. సంతోషమే. కానీ చాలావాటిలో కొమ్మ కొమ్మకీ ఒక మగపేరే. మరి ఆ పిల్లల్ని ఎవరు కన్నట్టు?

1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులు గారు తొలి వితంతు వివాహం జరిపించారని బళ్ళో చదువుకున్నాం. ఆ పెళ్ళికి వంట ఎవరు చేశారో మాత్రం పాఠంలో లేదు. వెలి వేస్తారన్న భయంతో వంటవాళ్ళు రాలేదు. నీళ్ళు మోసేవాళ్ళూ మానేశారు. పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారు. ఆ తర్వాత ఆశ్రయం కోరి వచ్చిన వితంతు పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకారు. ఆవిడ మొదటి పేరు బాపమ్మ. 1910లో కన్నుమూశారు. పంతులు గారు స్వీయచరిత్ర రాసుకున్నారు కాబట్టి ఆవిడ కష్టం కొంతైనా మనదాకా వచ్చింది. ఆయన రాసుకోకపోతే?

రాయడానికి భర్త కూడా లేని వాళ్ళ మాటేమిటి? నలుగురూ నోళ్ళు నొక్కుకుంటున్నా మళ్ళీ పుస్తె కట్టించుకున్న పిల్లలు, 1874లో పంతులు గారు ధవళేశ్వరంలో పెట్టిన బడికి పలక పట్టుకు వెళ్ళిన ఆడపిల్లలు, వాళ్ళని పంపిన తల్లులు. వాళ్ళ వారసులు మన మధ్యనే ఉండి ఉంటారు. ఎన్ని ఇళ్ళల్లో వాళ్ళ పేర్లు చెప్పుకుంటున్నారు? ఇదంతా మరుపు అని నేననుకోను. సంబంధాలు చూసేటప్పుడు "మీ తాతమ్మది మారుమనువటగా" అని ఎవరైనా అంటారేమోనని నోరు కట్టేసుకున్న ఇళ్ళు ఉన్నాయి. గర్వంగా చెప్పుకోవాల్సిన దాన్ని గుట్టుగా దాచుకున్నాం.

దాచినా ఆనవాళ్ళు పూర్తిగా పోవు. అటక మీది పాత దస్తావేజులు దింపి చూడండి. పసుపుకుంకుమల కింద కూతురికి రాసిచ్చిన పొలం కాగితంలో ఆవిడ పేరు ఉంటుంది. మనోవర్తి కాగితాల్లో, దత్తత పత్రాల్లో వితంతువుల పేర్లు ఉంటాయి. తాటాకు జాతకాలుంటే చదవగలిగిన వాళ్ళకి చూపించండి. కాశీ, గయ వెళ్ళినప్పుడు పండాల దగ్గర మన ఊరి పుస్తకం అడిగి చూడండి. 1902లో మొదలైన 'హిందూసుందరి', కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు నడిపిన 'సావిత్రి' లాంటి పత్రికల్లో ఆ కాలపు స్త్రీలు తమ పేర్లతో రాసుకున్నారు. అవి ఎక్కడైనా దొరికితే తిరగేయండి.

అన్నిటికంటే ముందు వంటింటి అటక మీది ఇత్తడి గుండిగ, రాగి బిందె దింపి అంచు తడిమి చూడండి. సారెలో ఇచ్చిన సామానుకి ఆడపిల్ల పేరు చెక్కించేవారు. ఎంతమందిమి ఆ పేర్లని తూకానికి వేసి స్టీలు సామాను తెచ్చుకున్నామో! అది తలచుకుంటే ఇప్పుడు మనసు చివుక్కుమంటుంది.

"పోయినవాళ్ళ పేర్లతో ఇప్పుడేం పనమ్మా?" అనేవాళ్ళుంటారు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా 1985 నుంచి మన రాష్ట్రంలో, 2005 నుంచి దేశమంతటా చట్టంలో ఉంది. ఆస్తిలో వాటా ఇచ్చాక వంశంలో వాటా ఇవ్వడానికి ఏం అడ్డం? "మన ఇంట్లో ఆడవాళ్ళు అలా చెయ్యరు" అని పిల్లని కేకలేసే ముందు, మన ఇంట్లో ఆడవాళ్ళు అసలేం చేశారో తెలియొద్దూ? తెలిస్తే ఆ మాట అనలేకపోవచ్చు.

అలాగని తాతమ్మలందరినీ దేవతల్ని చెయ్యమనడం లేదు. ఎదురు తిరిగిన ఆవిడనీ, ఇష్టం లేకపోయినా సర్దుకుపోయిన ఆవిడనీ, కోడల్ని సాధించిన ఆవిడనీ ఉన్నదున్నట్టు రాద్దాం.

ఈ ఆదివారం ఒక నోటుబుక్కు తీసుకుని ఇంట్లో పెద్దావిడ పక్కన కూచోండి. మీ అమ్మ పేరేమిటి, ఆవిడ పుట్టిల్లేది, చదువుకుందా, పెళ్ళినాటికి వయసెంత, దేనికి ఏడ్చింది, దేనికి మొండికేసింది అని అడగండి. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని కింద తేదీ వెయ్యండి. వచ్చే ఏడాది అడుగుదాంలే అనుకోవద్దు. అప్పటికి చెప్పేవాళ్ళుండాలి కదా!